నీతి పాఠమూ మార్కుల రిజిస్టరూ

ఇంటర్మీడియట్ మొదటి ఏడాదిలో 'నైతికత, మానవ విలువలు' అనే పరీక్ష రాసిన సంగతి తెలుగు రాష్ట్రాల్లో చదువుకున్న చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ మార్కులు మొత్తంలో కలవవు. కానీ అందులో పాసు కాకపోతే ఇంటర్ పాసైనట్టు సర్టిఫికెట్ రాదు. ఆ పరీక్ష కోసం ఏడాదిలో ఎన్ని క్లాసులు జరిగాయో, పరీక్ష గదిలో ఏం జరిగిందో రాసిన పిల్లల్నే అడిగి చూడండి. ఎక్కువమంది చెప్పేది ఒకటే: క్లాసులు జరగలేదు, ముందురోజు నాలుగు పేజీల నోట్సు ఇచ్చారు, చూసి రాశాం, అందరం పాసయ్యాం. నిజాయితీ గొప్పదని చూచిరాతతో నాలుగు పేజీలు నింపిన పదహారేళ్ల కుర్రవాడు ఆ రోజు ఇంటికి ఉత్త చేతులతో వెళ్లలేదు. చెప్పే మాట వేరు, నడిచే తీరు వేరు అన్నది నేర్చుకునే వెళ్లాడు. దాన్ని నేర్పింది అతని కాలేజీ.

బడుల్లో, కాలేజీల్లో నీతి నేర్పాలా అని మన దేశంలో ఎవరిని అడిగినా నేర్పాలనే అంటారు. ఏ పుస్తకంతో, ఎన్ని పీరియడ్లలో నేర్పాలన్న దగ్గర కమిటీల మీద కమిటీలు కూర్చున్నాయి. నీతి చెప్పే బడి తన రోజువారీ వ్యవహారంలో నిజాయితీగా ఉందా అన్న ప్రశ్న మాత్రం చర్చల్లో ఎప్పుడూ చివరి వరుసలోనే ఉండిపోయింది. నా దృష్టిలో మిగతా ప్రశ్నలన్నిటికీ జవాబు దీని మీదే ఆధారపడి ఉంది.

కమిటీల చరిత్ర పెద్దదే. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది ఏర్పడిన రాధాకృష్ణన్ కమిషన్ విశ్వవిద్యాలయాల సందర్భంలో ఈ విషయం ఎత్తుకుంది. 1952-53లో లక్ష్మణస్వామి మొదలియార్ కమిషన్ హైస్కూలు చదువుల నివేదికలో శీల నిర్మాణాన్ని ప్రత్యేకంగా చర్చించింది. 1959లో వేసిన శ్రీప్రకాశ కమిటీ, బడి మొదలయ్యే ముందు పిల్లలు కొన్ని నిమిషాలు మౌనంగా కూర్చోవాలని సూచించింది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ వారానికి ఒకటి రెండు పీరియడ్లు కేటాయించమంది. 1999లో ఎస్.బి. చవాన్ అధ్యక్షతన పార్లమెంటరీ స్థాయీ సంఘం సత్యం, ధర్మం, శాంతి, ప్రేమ, అహింస అనే అయిదింటిని పునాదిగా చెప్పింది. పుట్టపర్తి సత్యసాయి సంస్థలు నడిపే విలువల విద్యకూ ఆధారం ఆ అయిదే. 2020 జాతీయ విద్యా విధానం నైతికతకు రాజ్యాంగ విలువలను జోడించింది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రవచనకర్త చాగంటి కోటేశ్వరరావును విద్యార్థుల నైతిక విలువలకు సలహాదారుగా నియమించింది.

ప్రతి నివేదికా విలువలు పడిపోతున్నాయని బాధపడింది, పీరియడ్ పెట్టమని చెప్పింది. వెనకటి నివేదిక పెట్టమన్న పీరియడ్ ఏమైందో, దానివల్ల పిల్లల్లో ఏం మారిందో కొలిచి చూసే పని మాత్రం దాదాపు జరగలేదు. బడి టైంటేబుల్లో ఆ పీరియడ్ గతి తెలిసిందే. డిసెంబరు దాటితే లెక్కల మాస్టారికో, సైన్స్ టీచరుకో సిలబస్ పూర్తి చేయడానికి పోతుంది.

మతం సంగతి కూడా ఇక్కడే చెప్పి ముందుకు వెళ్తాను. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మత బోధన కూడదని రాజ్యాంగం 28వ అధికరణంలో చెప్పింది. 2000 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రంలో మతాల గురించిన చదువు ఉండటాన్ని అరుణా రాయ్ తదితరులు సవాలు చేస్తే, 2002లో సుప్రీంకోర్టు ఆ చట్రాన్ని సమర్థించింది. మతాల గురించి తెలుసుకోవడం వేరు, మతాన్ని బోధించడం వేరు అన్నది ఆ తీర్పు సారం. ఏ గ్రంథంలోని నీతి చెప్పాలన్న ఈ తగాదాలో మనం చాలా కాలం పోగొట్టుకున్నామని నాకనిపిస్తుంది. పక్కవాడి పేపరు చూసి రాయడం తప్పు కాదని ఏ మతమూ అనదు. అందరూ ఒప్పుకునే ఆ చిన్న విషయంలోనే మనం ఓడిపోతున్నాం.

నీతి పాఠాలు పని చేస్తాయా అని లోకంలో కొలిచి చూసిన వాళ్లు లేకపోలేదు. 1920ల్లో అమెరికాలో హ్యూ హార్ట్‌షోర్న్, మార్క్ మే అనే పరిశోధకులు దాదాపు 11,000 మంది పిల్లలకు మోసం చేసే వీలు, అబద్ధమాడే వీలు, చిన్నపాటి దొంగతనానికి వీలు కల్పించి, ఎవరు ఏం చేస్తారో గమనించారు. 1928 నుంచి 1930 వరకు మూడు సంపుటాలుగా వెలువడిన ఆ ఫలితాలు చాలామందికి మింగుడు పడలేదు. నిజాయితీపరులు, మోసగాళ్లు అని పిల్లలు రెండు జట్లుగా విడిపోలేదు. ఒక పరీక్షలో నిజాయితీగా ఉన్న పిల్లే మరో చోట మోసం చేసింది. చర్చిలో ఆదివారపు నీతి పాఠాలకు వెళ్లడానికీ, పరీక్షలో నిజాయితీగా ఉండటానికీ పెద్ద సంబంధం కనిపించలేదు. క్లాసుకీ క్లాసుకీ మధ్య మాత్రం తేడా కనిపించింది. ఆ క్లాసులో తోటి పిల్లలు, టీచరు ఎలా మసలుతారన్నది పిల్లవాడి నడవడిలో తెలిసింది.

వందేళ్లు కావస్తున్నా ఆ ఫలితాన్ని తేలిగ్గా పక్కన పెట్టలేం. అమెరికా ప్రభుత్వ విద్యా పరిశోధన సంస్థ 7 రకాల శీల నిర్మాణ కార్యక్రమాలను 84 బడుల్లో పరీక్షించి 2010లో ఇచ్చిన నివేదికలో, మొత్తం మీద పిల్లల ప్రవర్తనలో చెప్పుకోదగ్గ మార్పు తేలలేదు. దీనికి ఎదురు సాక్ష్యమూ ఉంది. 2011లో మనస్తత్వవేత్త జోసెఫ్ డర్లాక్ బృందం 213 కార్యక్రమాల ఫలితాలను ఒక్కచోట చేర్చి చూసింది. కోపాన్ని పట్టుకోవడం, ఎదుటివాడి బాధ అర్థం చేసుకోవడం, తగాదాను మాటలతో తీర్చుకోవడం వంటివి అభ్యాసంగా నేర్పిన చోట పిల్లల నడతా, చదువూ రెండూ మెరుగయ్యాయి. రెండిటినీ పక్కపక్కన పెట్టి చదివితే నాకు అర్థమైంది ఇదీ: చేయించి, సరిచేసి, మళ్లీ చేయించినప్పుడు పిల్లలు నేర్చుకుంటారు. ఉపన్యాసం విని మారరు.

మరి కథలు? తెలుగు పిల్లలకు నీతి మొదట అందేది కథల్లోనూ శతక పద్యాల్లోనూ. వేమన, సుమతి శతకాలు లేని తెలుగు వాచకం ఉండదు. 2014లో కాంగ్ లీ అనే మనస్తత్వవేత్త బృందం మూడు నుంచి ఏడేళ్ల పిల్లలకు కథలు చదివి వినిపించి, తర్వాత వాళ్లు ఒక చిన్న తప్పు గురించి నిజం చెబుతారా లేదా అని చూసింది. అబద్ధాలాడి పులికి చిక్కే మన 'నాన్నా పులి' కథను పోలిన తోడేలు కథ, అబద్ధమాడితే ముక్కు పెరిగే పినోకియో కథ పిల్లల్ని కొంచెం కూడా కదిలించలేదు. చెర్రీ చెట్టు నరికింది తానేనని ఒప్పుకుని తండ్రి మెప్పు పొందిన జార్జి వాషింగ్టన్ కథ విన్న పిల్లలే ఎక్కువగా నిజం చెప్పారు. ఆ కథ చివర మార్చి, ఒప్పుకున్నందుకు శిక్ష పడినట్టు చెబితే ఆ ప్రభావమూ పోయింది.

మన కథల్ని ఈ వెలుగులో మళ్లీ చూసుకోవాలి. బలిజేపల్లి లక్ష్మీకాంతం 'సత్యహరిశ్చంద్రీయం' నాటకాన్ని తెలుగువాళ్లు తరాలుగా రాత్రంతా కూర్చుని చూశారు. కాటి సీను రాగానే కళ్లు తుడుచుకోని వాళ్లు లేరు. ఆ నాటకం మీద నాకు ఎనలేని గౌరవం. కానీ నిజం చెప్పినవాడు రాజ్యం పోగొట్టుకుని, ఆలుబిడ్డల్ని అమ్ముకుని, కాటికాపరి అయ్యాడన్నదే చిన్న పిల్లవాడి మనసులో నిలిస్తే, సత్యం మహాత్ముల పని, మన బోటి వాళ్ల వల్ల కాదు అనుకునే ప్రమాదం ఉంది. నిజం చెప్పిన మామూలు పిల్లని టీచరు దగ్గరికి తీసుకున్న కథలు కావాలి. కథ కంటే ముందు, నిజం చెప్పిన పిల్లకు దెబ్బలు పడని తరగతి గది కావాలి.

దెబ్బల మాట ఊరికే అనలేదు. విక్టోరియా తల్వార్, కాంగ్ లీ 2011లో ప్రచురించిన అధ్యయనంలో పశ్చిమాఫ్రికాలోని రెండు బడుల్ని పోల్చారు. ఒకదానిలో చిన్న తప్పుకు కూడా కొడతారు, రెండో దానిలో మందలిస్తారు. కొట్టే బడిలోని మూడు నాలుగేళ్ల పిల్లలు ఎక్కువగా అబద్ధమాడారు, ఆడిన అబద్ధాన్ని దొరక్కుండా నిలబెట్టుకోవడంలోనూ ముందున్నారు. మన దేశంలో విద్యాహక్కు చట్టం 2009లోనే 17వ సెక్షన్ కింద శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. హోంవర్క్ ఎందుకు చేయలేదంటే ఒంట్లో బాగోలేదు అనే జవాబు ఇప్పటికీ మన బడుల్లో ఎంత సులువుగా వస్తుందో, ఆ నిషేధం ఎంతవరకు అమలైందో టీచర్లకూ తల్లిదండ్రులకూ తెలుసు.

గాంధీ చిన్ననాటి 'కెటిల్' కథ మన పిల్లలందరికీ చెబుతాం. రాజ్‌కోట్ హైస్కూలుకు జైల్స్ అనే ఇన్‌స్పెక్టరు వచ్చి అయిదు ఇంగ్లీషు మాటలు రాయమన్నాడు. గాంధీ 'కెటిల్' అన్న మాట తప్పు రాశాడు. పక్కవాడి పలక చూసి దిద్దుకొమ్మని టీచరు బూటు కాలితో పొడిచి సైగ చేశాడు. గాంధీ చూడలేదు. క్లాసులో అతనొక్కడే తప్పు రాసినవాడయ్యాడు. దీన్ని గాంధీ నిజాయితీ కథగా చెప్పి అక్కడితో ఆపేస్తాం. కథలో రెండో మనిషి గురించి మాట్లాడం. అక్కడ చూసి రాయమని నేర్పినవాడు టీచరు. ఎందుకు నేర్పాడు? పిల్లల మీద ప్రేమ లేక కాదు. ఇన్‌స్పెక్టరు ముందు తన క్లాసు తప్పు లేకుండా కనిపించాలి, అంతే. నూట నలభై ఏళ్ల తర్వాత మన పదో తరగతి పరీక్షా కేంద్రాల్లో జరుగుతున్నదీ అదే.

2022లో ఆంధ్రప్రదేశ్ పదో తరగతి పరీక్షల్లో ప్రశ్నపత్రాలు ఫోన్లలో బయటికి వచ్చాయి. అరెస్టయిన వాళ్లలో పదుల సంఖ్యలో టీచర్లున్నారు. 2023 ఏప్రిల్లో తెలంగాణలో పరీక్ష మొదలైన కొద్దిసేపటికే తెలుగు పేపరు ఫొటో వాట్సాప్‌లో తిరిగింది. అక్కడా పరీక్ష విధుల్లో ఉన్న టీచరు పేరే బయటికొచ్చింది. 1997లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పరీక్షల అక్రమాల మీద ప్రత్యేక చట్టం చేసింది. 2024 జూన్‌లో అమల్లోకి వచ్చిన కేంద్ర చట్టం నీట్, రైల్వే, స్టాఫ్ సెలక్షన్ వంటి పరీక్షల్లో అక్రమాలకు 3 నుంచి 5 ఏళ్లు, ముఠాగా చేస్తే 10 ఏళ్ల దాకా జైలు శిక్ష పెట్టింది. ఇవి ఉండాల్సిన చట్టాలే. అయితే స్క్వాడ్ వస్తోందని వరండాలోంచి హెచ్చరించే పెద్దమనిషిని, చివరి అరగంటలో బిట్ పేపరు జవాబులు మెల్లగా చదివి వినిపించే ఇన్విజిలేటరును ఏ చట్టం పట్టుకుంటుంది?

ఆ టీచర్లను తిట్టి ఊరుకోవడం నాకు న్యాయంగా తోచదు. ఫలితాలు రాగానే నూరు శాతం పాసైన బడికి సన్మానం, ఎనభై శాతం వచ్చిన హెడ్మాస్టరుకు సంజాయిషీ నోటీసు. ఆరో తరగతిలోనే చదవడం రాని పిల్లవాడిని పదో తరగతి టీచరు చేతిలో పెట్టి, వీడు తప్పితే నీదే బాధ్యత అంటే ఆ టీచరు ఏం చేస్తాడు? 2019లో 94.88 శాతం ఉన్న ఆంధ్రప్రదేశ్ పదో తరగతి ఉత్తీర్ణత 2022లో 67.26కు పడింది. కరోనా వల్ల పోయిన చదువు అందులో ఉంది, పరీక్ష విధానంలో మార్పులున్నాయి, నిఘా పెరగడమూ ఉంది. అసలు మన పిల్లలకు ఎంత వచ్చు అని నిదానంగా మాట్లాడుకోవడానికి దొరికిన అవకాశం అది. తప్పు ఎవరిదన్న రాజకీయ కేకల్లో ఆ అవకాశం కొట్టుకుపోయింది.

పబ్లిక్ పరీక్షను ఏడాదికోసారి పోలీసులు కాస్తారు. ఇంటర్నల్ మార్కుల్ని ఎవరూ కాయరు, అందుకే పిల్లలు బడి స్వభావాన్ని అక్కడ బాగా చదువుతారు. రాయని ప్రాజెక్టుకు, చేయని ప్రయోగానికి నిండా మార్కులు పడతాయి. ప్రైవేటు బడులు 20కి 20 వేసుకుంటున్నాయన్న ఫిర్యాదుల మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో పదో తరగతి ఇంటర్నల్ మార్కులనే తీసేసింది. ఏడాది పొడవునా పిల్లవాడిని గమనించి మార్కు వేయడం మంచి పద్ధతి. టీచరు మాట మీద నమ్మకం లేక ఆ మంచి పద్ధతిని వదులుకున్నాం. ఇంటర్ ప్రాక్టికల్స్‌లోనూ ఇదే గొడవ. వేరే కాలేజీకి పంపి జంబ్లింగ్ పెడదామంటే యాజమాన్యాలు అడ్డం తిరుగుతాయి. ల్యాబు తాళం ఏడాదికి రెండుసార్లు తీసే కాలేజీలో చదివిన పిల్లకు 30కి 30 వస్తే, ఆ మార్కు అబద్ధమని అందరికన్నా ముందు ఆ పిల్లకే తెలుసు.

ఇంటినీ ఇందులోంచి మినహాయించలేం. పెద్దలు తమతో అబద్ధమాడారని తెలిసిన బడి వయసు పిల్లలు తర్వాత తామూ ఎక్కువగా మోసం చేశారని, అబద్ధమాడారని 2014లో కాలిఫోర్నియాలో చేసిన ఒక ప్రయోగం చూపించింది. టికెట్ తగ్గుతుందని బస్సులో వయసు తగ్గించి చెప్పించిన తల్లి, పుట్టినతేదీ మార్చి సర్టిఫికెట్ తెచ్చిన తండ్రి, ఒకే ర్యాంకర్ ఫొటోను నాలుగు సంస్థలు తమవాడేనని వేసుకున్న పేపరు ప్రకటన, అన్నీ పిల్లల కళ్ల ముందే ఉన్నాయి. ఆ ప్రకటనల మీద ఫిర్యాదులు ఎంత పెరిగాయంటే, 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కోచింగ్ సంస్థల కోసమే మార్గదర్శకాలు ఇవ్వాల్సి వచ్చింది.

కాలేజీల్లో పరిస్థితి ఇంకా ముదిరింది. సీనియర్ల రికార్డు చూసి రికార్డు రాయడం అక్కడ తప్పుగానే లెక్కకు రాదు. ఆఖరి ఏడాది బీటెక్ ప్రాజెక్టు అమీర్‌పేటలో కొనుక్కోవచ్చని హైదరాబాద్‌లో చదివిన ప్రతి ఇంజినీరుకూ తెలుసు, ఆ ప్రాజెక్టుకు వైవా పెట్టే అధ్యాపకుడికీ తెలుసు. తనిఖీ రోజున మాత్రం కనిపించే అధ్యాపకులు, ఆ వారం కోసమే అమర్చిన ల్యాబులు పిల్లలు చూస్తూనే ఉంటారు. 2025 ఫిబ్రవరిలో మంచి గ్రేడు ఇవ్వడానికి లంచం తీసుకున్నారన్న ఆరోపణపై, విద్యాసంస్థలకు గ్రేడులిచ్చే న్యాక్ తనిఖీ బృందం సభ్యులను సీబీఐ అరెస్టు చేసింది. ఆ కేసు గుంటూరు జిల్లాలోని ఒక విద్యాసంస్థకు సంబంధించింది.

పరిశోధన రంగం కోసం యూజీసీ 2018లో నిబంధనలు తెచ్చింది. సిద్ధాంత వ్యాసంలో 10 శాతం వరకు పోలిక ఉంటే శిక్ష లేదు. 40 శాతం దాటితే ఏడాది పాటు మళ్లీ సమర్పించకూడదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. నిబంధన మంచిదే, కానీ యంత్రం మాటల పోలికను మాత్రమే లెక్కపెడుతుంది. డబ్బిచ్చి వేరేవాళ్లతో రాయించుకున్న వ్యాసంలో పోలిక ఉండదు. కృత్రిమ మేధ రాసిపెట్టే ఈ రోజుల్లో ఆ లెక్క ఇంకా పలచబడింది. దీనికి నాకు తెలిసిన విరుగుడు పాతదే: గైడు తన విద్యార్థితో నెలనెలా కూర్చుని, ఈ వాక్యం ఎందుకు రాశావని అడగడం.

ఇక కొంత ఫలితం చూపించినవాటి గురించి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ రాజీవ్ సంగల్ నేతృత్వంలో మానవ విలువల కోర్సు మొదలుపెట్టింది. ఎ. నాగరాజ్ 'జీవన్ విద్య' ఆలోచనల నుంచి పుట్టిన ఆ కోర్సు ఇది చేయి, అది చేయకు అని చెప్పదు. నీకేం కావాలో నువ్వే పరిశీలించుకో అంటుంది. చిన్న బృందాల్లో, నమ్మకమున్న అధ్యాపకుడి దగ్గర ఇది నిజంగా పని చేయగలదని నేను నమ్ముతాను. ఏఐసీటీఈ దాన్ని దేశంలోని ఇంజినీరింగ్ కాలేజీలన్నిటికీ చేర్చింది. కొద్దిరోజుల శిక్షణతో ఆ క్లాసు చెప్పాల్సి వచ్చిన లెక్చరరు చివరికి ప్రశ్నలూ జవాబులూ డిక్టేట్ చేస్తున్నాడు. ఆత్మపరిశీలనకు రెండు మార్కుల ప్రశ్న తయారైంది. సీబీఎస్‌ఈ 2013 నుంచి కొన్నేళ్లు ప్రధాన సబ్జెక్టుల్లో విలువల ప్రశ్న పెట్టినప్పుడూ ఇలాగే జరిగింది. పిల్లలు శ్రద్ధ, కరుణ, బాధ్యత అనే మాటల్ని ఏ ప్రశ్నకైనా సరిపోయేలా రాయడం నేర్చుకున్నారు. జపాన్ 2018లో ప్రాథమిక బడుల్లో నీతిని పూర్తి సబ్జెక్టు చేసినా దానికి అంకెల మార్కు పెట్టలేదు. టీచరు ఆ పిల్ల గురించి కొన్ని వాక్యాలు రాస్తుంది. విలువలకు మార్కు వేసే పద్ధతిని మనమూ మానేయాలి.

జపాన్ పిల్లలు బడిని తామే ఊడ్చుకుంటారని మనవాళ్లు తరచు మెచ్చుకుంటారు. ఆ పద్ధతిని ఇక్కడికి తెచ్చేటప్పుడు ఒక సంగతి మరవకూడదు. మన బడుల్లో చీపురు ఎవరి చేతికి ఇచ్చారన్న దానికి కులం చరిత్ర ఉంది. హెడ్మాస్టరు, ఊరి పెద్దల పిల్లలు, హాస్టల్ పిల్లలు అందరూ వంతుల ప్రకారం ఊడిస్తే అది విలువల విద్య. కొందరి చేతే చేయిస్తే అన్యాయాన్ని నేర్పినట్టు.

విద్యార్థుల్ని నమ్మి చూసిన చోట్లూ ఉన్నాయి. అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం 1893లో, మోసం చేయనని విద్యార్థే ప్రమాణం చేసి రాసే, ఇన్విజిలేటర్ లేని పరీక్ష పద్ధతి తెచ్చింది. పరిశోధకుడు డొనాల్డ్ మెకేబ్ దశాబ్దాల పాటు చేసిన సర్వేల్లో ఇలాంటి ప్రమాణ పద్ధతి ఉన్న కాలేజీల్లో మోసం తక్కువగా తేలింది. ప్రమాణ పత్రం మీద సంతకం ఒక్కటే దానికి కారణం కాదు. తోటివాళ్లు ఏం చేస్తారన్నదే విద్యార్థిని ఎక్కువగా నడిపిస్తుందని ఆయన చెప్పాడు. ఆ పద్ధతికీ బీటలు పడుతున్నాయి. స్టాన్‌ఫర్డ్ 2023లో పరీక్ష గదుల్లో పర్యవేక్షకులను పెట్టి చూడటానికి ఒప్పుకుంది. మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో 1974లో మనస్తత్వవేత్త లారెన్స్ కోల్‌బర్గ్ సాయంతో మొదలైన క్లస్టర్ స్కూలు ఇంకో అడుగు ముందుకు వేసింది. అక్కడ టీచరుకూ ఒకే ఓటు, విద్యార్థికీ ఒకే ఓటు. ఒకమ్మాయి పర్సులో డబ్బు పోతే అందరూ కూర్చుని చర్చించి, తలా కొంచెం వేసుకుని ఆ డబ్బు తిరిగివ్వాలని తీర్మానించుకున్నారు. దొంగ ఎవరన్న వెతుకులాట, ఇలా జరగడానికి మనలో ఏముందన్న ఆలోచనగా మారింది. కేరళలో స్టూడెంట్ పోలీస్ క్యాడెట్లు కొన్ని బడుల్లో పెన్నులు, పుస్తకాల దుకాణాలను అమ్మేవాళ్లు లేకుండా నడిపారు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో జిడ్డు కృష్ణమూర్తి పోటీ, పోలిక, భయం లేని చదువు కోసం బడి పెట్టారు. అది ఫీజు కట్టగలిగే కొద్దిమంది పిల్లల హాస్టల్ బడి, జిల్లా పరిషత్ హైస్కూలుకు నకలు తీయలేం. అయినా పిల్లల్ని ఒకరితో ఒకర్ని పోల్చి అవమానించకపోవడానికి బడ్జెట్ అక్కర్లేదు.

కొత్త పుస్తకం, కొత్త సలహాదారు, కొత్త పీరియడ్ వద్దనను. మంచి మాట చెప్పేవాళ్లు పిల్లల దగ్గరికి రావాలి. అంతకంటే ముందు విద్యాశాఖ ఒక పని చేయగలదు: నూరు శాతం ఫలితం కోసం హెడ్మాస్టర్లకు నోటీసులివ్వడం ఆపి, నిజమైన మార్కు వేసినందుకు ఏ టీచరుకూ మెమో రాదని లిఖితపూర్వకంగా చెప్పడం. యూనివర్సిటీలు అమీర్‌పేట ప్రాజెక్టును వైవాలో అయిదు నిమిషాల్లో గుర్తుపట్టి వెనక్కి పంపగలవు, పంపాలి. తల్లిదండ్రులకు నా విన్నపం ఇంకా చిన్నది. ఈసారి యూనిట్ టెస్టులో మీ అమ్మాయికి 20కి 11 వచ్చి, ఆ 11 తనే రాసిందని చెబితే, పక్కింటి పిల్ల మార్కుల ఊసెత్తకుండా పేపరు పక్కన పెట్టుకుని కూర్చుని మిగతా 9 ఎక్కడ పోయాయో ఆ అమ్మాయితో కలిసి చూడండి. వచ్చే మార్చిలో పరీక్షా కేంద్రం గోడ దగ్గర చిట్టీలతో నిలబడకండి, నిలబడిన వాళ్లను చూస్తే ఇంటికి వెళ్లమని చెప్పండి.